ముప్పై ఒకటో పేజీలో అర్ధచంద్రుడు

ఆర్విడ్ నిస్కలా మొదటి నవల చదివింది అరవై తొమ్మిదో ఏట. అంతకు ముందు అతను చదివినవి మూడే: మంచు తోసే బండి మరమ్మతు పుస్తకం, చేపల లైసెన్సు వెనక ఉండే చిన్నక్షరాలు, ఆదివారం చర్చిలో చేతికిచ్చే కీర్తనల కాగితం. వాటిలోనూ శ్రద్ధగా చదివింది మొదటిదొక్కటే. కార్ప్ ల్యాండింగ్‌లో అతన్ని ఎరగనివాళ్ళు లేరు. సుపీరియర్ సరస్సు మీంచి మంచు వచ్చి ఊరిని కప్పేసిన ప్రతిసారీ, ఊరికీ హైవేకీ మధ్య దారి తెరిచింది ముప్పై ఎనిమిదేళ్ళ పాటు అతనే. అలాంటి మనిషి జనవరికీ జూలైకీ మధ్య ముప్పై నాలుగు నవలలు చదివాడంటే ఊరు ముందు నమ్మలేదు. చదివిన ప్రతిదాని గురించీ అతను రాసిన చీటీ లైబ్రరీ గోడకి గుచ్చి కనబడుతుంటే నమ్మక చేసేదేముంది.

అతని భార్య ఎల్మా పోయింది నవంబరు మొదటి వారంలో. ఏలకుల రొట్టెకి పిండి కలుపుతూ, తల తిరుగుతోందని పిండి చేతులతోనే కుర్చీలో కూర్చుంది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది, నాలుగో రోజు లేదు. చర్చిలో ఆర్విడ్ ఏడవలేదు. శ్మశానంలోనూ ఏడవలేదు. నేల ఇంకా గడ్డకట్టలేదు కాబట్టి తవ్వడం సులువయిందని పక్కవాడితో అన్నాడు. జనం అతన్ని గట్టి మనిషి అన్నారు. గట్టితనమూ లేదు, పాడూ లేదు. పన్ను పీకడానికి ముందు సూది మందు ఇస్తే చెంప ఎలా ఉంటుందో, లోపలంతా అలా ఉంది. అక్కడ చెంప ఉందని తెలుస్తుంది. గిల్లినా ఏమీ తెలియదు.

చర్చి ఆడవాళ్ళు లోపల మాంసం, బంగాళాదుంప కూరిన పాస్టీలు డబ్బాలకొద్దీ చేసి అతని ఫ్రీజర్లో పెట్టి వెళ్ళారు. రోజుకొకటి వేడి చేసుకుని తినేవాడు. కూతురు డేనా ప్రతి ఆదివారం గ్రీన్ బే నుంచి ఫోన్ చేసేది.

"నాన్నా, తింటున్నావా?"

"ఆఁ, తింటున్నా."

"ఇవాళేం తిన్నావు?"

"పాస్టీ."

"నిన్నో?"

"పాస్టీ."

"నాన్నా, నిజం చెప్పు. ఎలా ఉన్నావు?"

"ఇరవై ఆరు అంగుళాల మంచు పడింది. రాత్రికి ఇంకో ఎనిమిది అంటున్నారు."

 డేనా తనే వేరే మాట ఎత్తేది.

జనవరిలో లైబ్రరీ నుంచి కోరలీ ఫోన్ చేసింది. ఎల్మా కార్డు మీద మూడు పుస్తకాలు ఉండిపోయాయి, తొందరేమీ లేదు, ఎప్పుడు వీలైతే అప్పుడు తెచ్చివ్వండి అని. పెరటి తలుపు పక్కన మేకుకి ఎల్మా గుడ్డ సంచీ వేలాడుతూనే ఉంది. రెండు నెలలుగా దాని పక్కనుంచే కట్టెలకి వెళ్ళొస్తున్నాడు. సంచీ దించి పుస్తకాలు బల్ల మీద పెట్టాడు. మూడూ చూపు తగ్గినవాళ్ళ కోసం పెద్దక్షరాల్లో వేసినవి. ఎల్మా పెన్సిలు కూడా అందులోనే ఉంది.

ఆ ఊళ్ళో చదివేవాళ్ళకి ఒక అలవాటు ఉంది. లైబ్రరీ అంటే రెండు గదులు. నలభై ఏళ్ళుగా చదివేవాళ్ళు ఏది చదివారో ఏది చదవలేదో మరిచిపోతారు. సగం చదివాక, అరే, ఇది చదివిందేనే అని నెత్తి కొట్టుకుంటారు. అందుకని ప్రతివాళ్ళూ ముప్పై ఒకటో పేజీ మూల పెన్సిలుతో సొంత గుర్తు పెట్టుకుంటారు. ఒకరిది చేప, ఒకరిది ముక్కోణం, చర్చి పాస్టరుగారిది మూడు చుక్కలు. లైబ్రరీకి ఇది నచ్చదు. అయినా చెరిపేవాళ్ళు లేరు. ఎల్మా సంచీలో దొరికిన మూడు పుస్తకాల్లోనూ ఆ మూల నాలుగైదు గుర్తులున్నాయి. మూడింట్లోనూ ఉన్నది మాత్రం ఒకటే, చిన్న అర్ధచంద్రుడు.

ఆర్విడ్ దానికేసి చాలాసేపు చూశాడు. నలభై ఒక్క ఏళ్ళు ఎల్మా రోజూ సాయంత్రం అతనికి ఎదురుగా కూర్చుని చదివింది. అతను వాతావరణం రేడియో వింటూ పేకముక్కలు పేర్చుకునేవాడు. ఆ నలభై ఒక్క ఏళ్ళలో ఆమె చేతిలో ఉన్న ఒక్క పుస్తకం పేరు అతను చెప్పలేడు. అట్ట రంగు కూడా చెప్పలేడు.

మర్నాడు పుస్తకాలు తీసుకెళ్ళి కోరలీ ముందు పెట్టాడు.

"ఎల్మా ఇన్నేళ్ళలో ఏమేం చదివిందో ఆ లిస్టు కావాలమ్మా."

"అది మా దగ్గర ఉండదు ఆర్విడ్ గారూ. పుస్తకం తిరిగి రాగానే కంప్యూటర్ పేరు చెరిపేస్తుంది. ఎవరేం చదివారో దాచకూడదు మేము."

"నేను ఆమె మొగుణ్ణి."

"మీరు షెరీఫ్ అయినా ఇంతేనండీ. లేనిది ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?"

"సరే. ఈ మూడూ మళ్ళీ నా పేరు మీద రాయి."

అలా మొదలైంది. అర్ధచంద్రుడున్న పుస్తకాలన్నీ చదవాలి. ఎల్మా నడిచిన దారి వెంట తనూ నడవాలి. ఎక్కడో ఒక చోట ఆమె ఎదురుపడుతుంది, అప్పుడు ఈ మొద్దుబారిన చెంపలోకి ప్రాణం వస్తుంది. అతను ఆశించింది ఇంతే. ఎవరితోనూ అనలేదు. డేనాతో కూడా అనలేదు.

చీటీల పద్ధతి కోరలీ పెట్టింది. పాత కార్డుల పెట్టెల్లోంచి వెనకవైపు తెల్లగా ఉన్న కార్డులు తీసి, చదివినవాళ్ళు నాలుగు ముక్కలు రాసి గోడకి గుచ్చమని అందరికీ చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆర్విడ్ పట్టించుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు ప్రతి షిఫ్టు చివరా ఎన్ని మైళ్ళు, ఎంత ఉప్పు, ఏం విరిగింది అని కాగితం నింపిన చెయ్యి అది. పని అయితే రాయాల్సిందే, కింద ఏ. ఎన్. అని సంతకం పెట్టాల్సిందే.

మొదటి చీటీ ఒక హత్య నవల గురించి. "పోలీసు అధికారి ముప్పై పేజీలకొకసారి తాగుతాడు. చచ్చిపోయిన మనిషి గురించి ఎవరూ బాధపడరు. ఎవరు చంపారనే అడుగుతారు. చంపింది పశువుల డాక్టరు. నాకు నూట పదో పేజీలోనే తెలిసింది. పుస్తకం మొత్తంలో మర్యాదగా మాట్లాడినవాడు అతనొక్కడే."

కోరలీ నెత్తి పట్టుకుంది. "ఆర్విడ్ గారూ, హంతకుడెవరో రాసేస్తే ఇంకెవరు చదువుతారండీ?"

"ఏముందో రాయమన్నావు కదమ్మా. అదే ఉంది."

తర్వాత రోదసి నవల ఒకటి. "అంగారకుడి మీద నూట నలభై మంది కాపురం ఉన్నారు. కవులున్నారు, జనరల్ ఉన్నాడు. కొళాయిలు బాగుచేసేవాడు లేడు. నాలుగు వందల పేజీల్లో ఈ సంగతి ఎవరికీ తోచలేదు. చివరికి అందరూ పోయారు." పడమటి ఎడారి కథలో గుర్రం నాలుగు రోజులు పరిగెత్తింది, గడ్డి తిన్నట్టు ఎక్కడా లేదు అని రాశాడు. గూఢచారి నవల గురించి, ఎవడు ఎవడి వైపో రాసినాయనకైనా తెలుసో లేదో, నేను పేర్లు కాగితం మీద వేసుకుని చదివాను, అయినా ఇద్దరు మిగిలిపోయారు అని. ప్రేమ కథ ఒక్కటి తగిలింది. "వీళ్ళిద్దరికీ ఇష్టమని పదో పేజీలో నాకు తెలిసింది. వాళ్ళకి మూడు వందల పేజీలు పట్టింది. తీరా తెలిశాక ఆ పిల్ల జబ్బు చేసి పోయింది. మధ్యలో బేకరీ ఉంది. అది బాగుంది."

ఊరికి ఈ చీటీలు సరదా అయిపోయాయి. కాఫీ హోటల్లో జనం ఒకరికొకరు చెప్పుకుని నవ్వేవాళ్ళు. మంచు తోసే బండితో హంతకుడు తరిమే నవల చీటీ అయితే రోడ్డు డిపార్ట్‌మెంటు వాళ్ళు ఫొటో తీసి షెడ్డులో అంటించుకున్నారు. "బండి డెబ్బై మైళ్ళ వేగంతో తరిమిందట. అలా తోలితే ముందున్న పలక ఊడి చర్చి మీద పడుతుంది. రాసినాయన ఒక్క రోజు నా పక్క సీట్లో కూర్చుని ఉండాల్సింది."

"ఏమోయ్ ఆర్విడ్, ఈ వారం ఎవర్ని చంపావు?" అని హోటల్లో పలకరించేవాళ్ళు.

"ఇద్దర్ని. గొడ్డలితో," అనేవాడు. వాళ్ళెందుకు నవ్వుతున్నారో అతనికి తెలిసేది కాదు. నవ్వించాలని రాసినవి కావు అవి.

దయ్యం నవల చీటీకి కూడా నవ్వారు. "ఇంట్లో దయ్యం ఉంది. అది పోయిన భార్య. రోజూ వంటింట్లో గిన్నెల చప్పుడు చేస్తుంది. మొగుడు భయపడి ఇల్లమ్మేసి వెళ్ళిపోయాడు. ఎందుకమ్మాడో నాకు అర్థం కాలేదు." కోరలీ మాత్రం నవ్వలేదు. గుచ్చడానికి పిన్ను తీసి, చాలాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడింది.

చదువుతున్నంతసేపూ ఆర్విడ్ వెతుకుతున్నది కథని కాదు. ఈ పేజీ దగ్గర ఎల్మా కాఫీ చల్లార్చుకుని ఉంటుంది, ఇక్కడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని ఉంటుంది అని చూసేవాడు. చూసేకొద్దీ అయోమయం పెరిగింది. ఇంట్లో సాలీడు కనబడితే కప్పులో పట్టి బయట వదిలిపెట్టే మనిషి ఎల్మా. ఆమె ఈ గొడ్డళ్ళూ, ఈ సెల్లార్లూ, ఈ పీకలు కోయడాలూ చదివేదా? ముప్పై నాలుగు పుస్తకాల్లో పాతిక పైన శవంతో మొదలయ్యాయి, మిగతావి శవంతో ముగిశాయి. తనకి ఎదురుగా కూర్చుని, తను పేకముక్కలు పేర్చుకుంటుంటే, ఎల్మా లోపల ఇంత రక్తం పారుతోందా? నా పక్కన ఆమెకి అంత విసుగ్గా ఉండేదేమో అనుకున్నాడు. అలా అనుకున్నప్పుడైనా బాధ కలగాలి. కలగలేదు. సరే, అలాంటిదన్నమాట అనుకుని పేజీ తిప్పాడు.

జూలైలో లైబ్రరీ పాత పుస్తకాలు అమ్మేస్తుంది. ఆ రోజు ఊరంతా వస్తుంది. ఆర్విడ్ ముప్పై నాలుగో చీటీ పట్టుకుని వచ్చేసరికి గోడ ముందు ఇంపి సారెలా అనే ముసలావిడ నిలబడి ఉంది. ఆవిడకి ఎనభై ఎనిమిదేళ్ళు. బడిలో వంట చేసేది. ఆర్విడ్ వయసువాళ్ళందరూ ఆవిడ చేతి బఠానీల సూపు తాగి పెరిగినవాళ్ళే. ఇప్పుడు ముసలివాళ్ళ అపార్ట్‌మెంట్లలో ఉంటుంది, ఎవరైనా కారులో తీసుకొస్తే తప్ప బయటికి రాలేదు. ఇవాళ చెల్లెలి కొడుకు తెచ్చి దించి వెళ్ళాడు. నడక బండి మీద మోచేతులు ఆనించి, భూతద్దంతో చీటీలన్నీ ఒక్కొక్కటే చదువుతోంది.

"ఎవర్రా ఈ ఏ. ఎన్.? నేను చదివినవన్నీ నా వెనకాలే ఏరుకుంటూ వస్తున్నాడు!" అని గట్టిగా అంది.

"నేనే, ఇంపి పెద్దమ్మా."

"నువ్వా? నీకు చదవడం వచ్చా?" ఆవిడ భూతద్దం అతని మొహం మీదికి తిప్పింది. "ఒరే ఆర్విడ్, నిజం చెప్పు. ఎవడైనా ఒకటి రెండు కలిస్తే సరే అనుకోవచ్చు. ముప్పై మూడుకి ముప్పై మూడు ఎలా కలిశాయి?"

"ఎల్మా చదివినవే చదువుతున్నా. ముప్పై ఒకటో పేజీలో ఆమె గుర్తుంది. అర్ధచంద్రుడు."

ఇంపి పెన్సిలు ఇమ్మని చెయ్యి చాచింది. అతను చొక్కా జేబులోంచి ఎల్మా పెన్సిలు తీసి ఇచ్చాడు. అతని చేతిలో ఉన్న చీటీ మూలనే ఆవిడ గీసింది. చిన్న అర్ధచంద్రుడు. కింది కొస కొంచెం పొడుగు. ముప్పై నాలుగు పుస్తకాల్లోనూ కింది కొస కొంచెం పొడుగే.

"ఎల్మాదేంట్రా నీ మొహం. ఇది నాది. ముప్పై ఏళ్ళ నుంచి నాది."

"మూడు పుస్తకాలు ఆమె సంచీలో ఉన్నాయి."

"ఉంటాయి మరి. ప్రతి గురువారం నాకు మోసుకొచ్చేది ఎవరనుకున్నావు? తన కార్డు మీద తీసుకుని, తెచ్చిచ్చి, పాతవి పట్టుకెళ్ళేది. నీకు చెప్పలేదా?"

గురువారాలు ఎల్మా బయటికి వెళ్ళేదని ఆర్విడ్‌కి తెలుసు. ఎక్కడికని ఎప్పుడూ అడగలేదు. కోరలీ బల్ల వెనక నుంచి లేచి నిలబడింది. ఎల్మా ఎవరికోసం తీసుకునేదో కోరలీకీ తెలియదు. కంప్యూటర్ పేర్లు చెరిపేస్తుంది కదా.

"నవంబరు నుంచి నాకు పుస్తకం లేదు," అంది ఇంపి. "పెళ్ళాం పోయినవాణ్ణి పట్టుకుని పుస్తకాలు తెచ్చిపెట్టమని ఏ మొహంతో అడగను? ఇంట్లో నా సొంతవి నాలుగుంటే అవే తిప్పి తిప్పి చదువుతున్నా. హంతకులు చుట్టాలైపోయారు."

"మరి ఎల్మా గుర్తు ఏది?"

"ఆమె పుస్తకం మీద గీత పెట్టదు. నేను పెడుతుంటే తిట్టేది. చదివింది గుర్తుండకపోతే చదవడం దేనికి ఇంపీ అనేది."

"ఏం చదివేది?"

ఇంపి అతనికేసి చూసింది. "నలభై ఏళ్ళు కాపురం చేసి నన్ను అడుగుతున్నావా?"

ఆ మాట కటువుగా అనలేదు.  అయినా పుస్తకాలు ఏరుకుంటున్న జనం చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"పేర్లు నాకూ తెలియవురా," అంది ఇంపి ఈసారి మెల్లగా. "నా పుస్తకాలు మాత్రం ముట్టుకునేది కాదు. కొస పట్టుకుని, చచ్చిన ఎలకని తెచ్చినట్టు తెచ్చిచ్చేది. తనకి కావాల్సింది ఎలా తీసుకునేదో చెప్పనా? అల్మరా దగ్గర నిలబడి ముందు చివరి పేజీ చదివేది. ఇద్దరూ బతికుంటే ఇంటికి తెచ్చుకునేది. లేకపోతే అక్కడే పెట్టేసేది. నేను వెక్కిరించేదాన్ని, అంతా తెలిశాక ఇంకేముందే చదవడానికి అని. ఏమనేదో తెలుసా?"

ఆర్విడ్ తల అడ్డంగా ఊపాడు.

"ఆర్విడ్ తుఫానులో రోడ్డు మీద ఉన్నాడు ఇంపీ. ఇంట్లో కూర్చుని చివర చచ్చిపోయే కథ ఎలా చదవమంటావు, అనేది. నువ్వు రిటైరయ్యాక కూడా అంతే. అలవాటైపోయిందనేది."

ఆర్విడ్ ముప్పై నాలుగో చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయటికి వచ్చి బండిలో కూర్చున్నాడు. తాళం తిప్పలేదు. మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి లోపల ఏదో కదిలింది, అది కోపమై కదిలింది. ఎల్మా మీద. ఊళ్ళో ప్రతి ముసలీ ఒక గీత గీసి పోయింది, నువ్వు ఒక్క గీతైనా పెట్టకుండా పోయావే అని పైకే అన్నాడు. ఎక్కడ వెతకను నిన్ను అన్నాడు. చక్రాన్ని అరచేత్తో రెండుసార్లు కొట్టాడు. చెయ్యి నొప్పెట్టింది. కొంతసేపటికి ఆ కోపం ఎల్మాని వదిలి తన మీదికి తిరిగింది. ఆమె గీత పెట్టలేదు నిజమే. ఎదురుగా నలభై ఒక్క ఏళ్ళు కూర్చుంది, చేతిలో ఏముందని ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేది.

ఆ ఆదివారం డేనా ఫోన్ చేసి ఎలా ఉన్నావు నాన్నా అంటే, మంచు లేదు కాబట్టి ఏం చెప్పాలో తోచక, "బాగాలేను తల్లీ," అన్నాడు. అవతల డేనా ఏడ్చింది. ఇతను ఫోన్ పట్టుకుని వింటూ కూర్చున్నాడు.

గురువారం పొద్దున్నే గుడ్డ సంచీ భుజాన వేసుకుని లైబ్రరీకి వెళ్ళాడు. ముందు ఇంపికి నాలుగు తీశాడు, పెద్దక్షరాలవి, ముప్పై ఒకటో పేజీలో అర్ధచంద్రుడు లేనివి, వీలైనన్ని శవాలున్నవి. ఈ విషయంలో ఇప్పుడతను ఊళ్ళో అందరికంటే తెలిసినవాడు. తన కార్డు మీద రాయమని కోరలీకి ఇచ్చాడు.

తర్వాత వెనక్కి వచ్చి నవలల అల్మరా ముందు నిలబడ్డాడు. చేతికి అందిన పుస్తకం తీసి చివరి పేజీ తిప్పాడు. సమాధి దగ్గర ఒకామె పూలు పెడుతోంది. తిరిగి పెట్టేశాడు. రెండోదాంట్లో ఓడ మునిగిపోతోంది. మూడోదాంట్లో ఒకాయన ఒక్కడే రైలెక్కుతున్నాడు. పెట్టేశాడు. ఇలాగే నిలబడేదన్నమాట. బరువు ఏ కాలి మీద వేసి నిలబడేదో అనుకున్నాడు. ఎల్మాకి ఎడమ మోకాలు నొప్పి, కుడికాలి మీదే వేసి ఉంటుంది. అతనూ కుడికాలి మీద బరువు వేసి నిలబడ్డాడు. ఎన్ని పుస్తకాలు తీసి చూడాల్సి వచ్చేదో ఒకటి దొరకడానికి. ప్రతిసారీ తనకోసమే. బయట గాలివాన లేకపోయినా, తను ఇంట్లో పొయ్యి పక్కనే ఉన్నా.

ఏడోదో ఎనిమిదోదో తీశాడు. చివరి పేజీలో ఒక ముసలాయనా ముసలామే వంటింట్లో ఉన్నారు. కిటికీ తెరవమని ఆమె, చలేస్తుందని ఆయన. కొద్దిగా తెరుద్దాంలే అని ఆమె అంది. అంతే, పుస్తకం అయిపోయింది.

ఆర్విడ్ ఆ పేజీ రెండోసారి చదువుదామనుకున్నాడు కానీ అక్షరాలు ఆనలేదు. కళ్ళద్దాలు తీశాడు. సూది మందు మత్తు దిగిపోయింది. నవంబరు నుంచి ఆగి ఉన్నదంతా ఒక్కసారి వచ్చి పడింది, పిండి చేతులూ, ఖాళీ కుర్చీ, మేకుకి వేలాడే సంచీ. అల్మరా అంచు పట్టుకుని, పెద్దగా చప్పుడు చేస్తూ ఏడ్చాడు. కోరలీ ఇటు తిరగలేదు. సర్ది ఉన్న పత్రికలనే మళ్ళీ సర్దుతూ ఉండిపోయింది.

చాలాసేపటికి మొహం తుడుచుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. ముప్పై ఒకటో పేజీ తెరిచాడు. మూలన చేప ఉంది, ముక్కోణం ఉంది, మూడు చుక్కలున్నాయి. మిగతా కాగితం తెల్లగా ఉంది. ఎల్మా పెన్సిలు ఆ తెల్లటి చోట ఆనించబోయి ఆగాడు. గీత పెట్టకుండా పేజీ మూశాడు. కోరలీ దగ్గర కార్డు ఒకటి అడిగి తీసుకుని, దాని మీద రాసి గోడకి తనే గుచ్చాడు.

"ఇంకా చదవలేదు. చివరి పేజీ చూశాను. ఇద్దరూ బతికే ఉన్నారు. ఇంటికి తీసుకెళ్తున్నాను."